సముద్ర కిరణజన్య బాక్టీరియాలలో వర్ణకాలు

సముద్ర కిరణజన్య బాక్టీరియాలు అనగా సముద్రజలాలలో నివసిస్తూ సూర్యకాంతి నుండి శక్తిని పొందే బాక్టీరియాలు. కాంతిని పట్టుకొనటానికి ఇవి తయారు చేసుకొనే రంగు పదార్థాలను వర్ణకాలు అంటారు. నేలమీది మొక్కలన్నీ దాదాపుగా పత్రహరితం-ఎ, పత్రహరితం-బి అనే ఒకే జత వర్ణకాలతో కిరణజన్య సంయోగక్రియను జరుపుకుంటాయి. అందువలన అడవి ఏ దేశంలో చూసినా ఆకుపచ్చగానే ఉంటుంది. సముద్రపు బాక్టీరియాల సంగతి వేరు. వీటిలో ఆకుపచ్చ, నారింజ, గులాబి, ఊదా, గోధుమ రంగుల వర్ణకాలు కనిపిస్తాయి. నీటిలో లోతుకు పోయేకొద్దీ వెలుతురు తగ్గటమే కాక దాని రంగు కూడా మారిపోతుంది. తీరం నుండి నడిసముద్రానికి పోయినా అంతే. ఈ వర్ణ వైవిధ్యానికి ఇదే ముఖ్యకారణం.

అయితే వర్ణకం ఊరికే రాదు. దానిని, దానిని పట్టి ఉంచే ప్రోటీన్లను తయారు చేయటానికి నత్రజని, ఇనుము వంటి పోషకాలు ఖర్చవుతాయి. నడిసముద్రంలో కరువైనవి సరిగ్గా ఆ పోషకాలే. కనుక ఏ బాక్టీరియాకు ఏ వర్ణకం ఉన్నదనే ప్రశ్నకు సమాధానం అక్కడ దొరికే కాంతి రంగులో సగం, ఆ వర్ణకానికయ్యే ఖర్చులో సగం ఉంటుంది.

సముద్రంలో కాంతి

కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నానోమీటర్ల (ఊదా) నుండి 700 నానోమీటర్ల (ఎరుపు) వరకు ఉంటుంది. నీటి అణువులు ఎరుపు కాంతిని బలంగా పీల్చుకుంటాయి. అందువలన ఉపరితలం నుండి పది, ఇరవై మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు నశిస్తుంది. నిర్మలమైన నడిసముద్రంలో 100 మీటర్ల లోతుకు చేరేది ప్రధానంగా 450 నుండి 490 నానోమీటర్ల మధ్యనున్న నీలికాంతి మాత్రమే. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో ఇంగ్లండు నుండి ఓడలో తిరిగివస్తూ మధ్యధరా సముద్రపు నీలిరంగును పరిశీలించాడు. ఆ నీలం కేవలం ఆకాశపు ప్రతిబింబం కాదనీ, నీటి అణువులు కాంతిని చెదరగొట్టటం వలన కూడా కలుగుతున్నదనీ ఆయన చూపించాడు.

తీరప్రాంతాలలో పరిస్థితి మారుతుంది. నదులు మోసుకువచ్చే కుళ్ళిన ఆకులు, అలములనుండి కరిగిన పసుపుపచ్చని సేంద్రియ పదార్థం నీలికాంతిని పీల్చివేస్తుంది. ఎరుపును నీరు, నీలాన్ని ఈ పదార్థం తినివేయగా మిగిలేది ఆకుపచ్చ. వరదకాలంలో గోదావరి, కృష్ణ ముఖద్వారాల వద్ద సముద్రం రంగు మారటం కోస్తా ప్రజలకు తెలిసినదే. అక్కడి సూక్ష్మజీవులకు అది కంటికింపైన దృశ్యం కాదు, ఆహారం మారటం. బాల్టిక్ సముద్రం వంటి మరింత ముదురు నీళ్ళలో ఆకుపచ్చ, ఎరుపు కాంతులే బతుకుతెరువు.

పరిశోధనల చరిత్ర

వివిధ లోతులలో పెరిగే నాచుల రంగు అక్కడికి చేరే కాంతి రంగుకు పూరకంగా ఉంటుందని జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త థియోడోర్ ఎంగెల్మాన్ 1883లో ప్రతిపాదించాడు. ఆనాటికి సముద్రంలో కిరణజన్య సంయోగక్రియ అంటే కంటికి కనిపించే నాచులు, సూక్ష్మదర్శినిలో కనిపించే డయాటమ్ వంటి ప్లవకాలు మాత్రమే. ఆ తరువాత దాదాపు వంద సంవత్సరాల పాటు అసలైన జనాభా ఎవరి కంటా పడలేదు.

వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన జాన్ వాటర్‌బరీ, ఆయన సహచరులు అరేబియా సముద్రపు నీటిని ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని కింద పరిశీలించినప్పుడు, నీలికాంతి పడగానే నారింజరంగులో మెరిసే చిన్న చిన్న చుక్కలు కనిపించాయి. ఒక రంగు కాంతిని పీల్చుకొని వేరొక రంగులో వెలువరించటాన్నే ప్రతిదీప్తి అంటారు. ఆ నారింజ వెలుగు ఫైకోఎరిత్రిన్ అనే వర్ణక ప్రోటీనుది. 1979లో ప్రచురితమైన ఈ ఫలితంతో సముద్రపు సైనెకోకాకస్ లోకానికి తెలిసింది.

రెండవ జీవి ఇంకా చిన్నది. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కిరణం ముందునుండి పంపి వాటి వెలుగును కొలిచే ఫ్లో సైటోమీటర్ అనే పరికరాన్ని 1980లలో ఓడల మీదకు ఎక్కించారు. శాలీ చిజోమ్, రాబర్ట్ ఓల్సన్ మొదలైనవారు సైనెకోకాకస్‌ను లెక్కిస్తుండగా, అంతకంటే చిన్నవైన, అతి మందమైన ఎరుపు వెలుగు గల కణాల సంకేతాలు వచ్చాయి. మొదట దానిని పరికరపు రొదగా భావించారు. రొద అయితే లోతును బట్టి మారకూడదు. ఇది మాత్రం లోతుకు పోయేకొద్దీ ప్రకాశవంతం కాసాగింది. 1988లో వెల్లడైన ఈ జీవికి 1992లో ప్రోక్లోరోకాకస్ అని పేరు పెట్టారు. భూమిమీద అత్యధిక సంఖ్యలో ఉన్న కిరణజన్య జీవి ఇదేనని తరువాత తేలింది. మనిషి చంద్రుని మీద కాలుపెట్టిన దాదాపు రెండు దశాబ్దాల తరువాత గాని ఇది తెలియకపోవటం గమనించదగినది.

ఈ రెండూ సయనోబాక్టీరియా వర్గానికి చెందినవి. తెలుగు పాఠ్యపుస్తకాలలో వీటిని నీలి-ఆకుపచ్చ శైవలాలు అని రాయటం వాడుక. ఇవి శైవలాలూ కావు, సముద్రంలో ఉన్నవి అన్నీ నీలి-ఆకుపచ్చవీ కావు.

సైనెకోకాకస్

సుమారు ఒక మైక్రోమీటరు వ్యాసం గల సైనెకోకాకస్ కణంలో కాంతిని పట్టే ప్రధాన యంత్రాంగం ఫైకోబిలిసోమ్. కణంలోపలి పొరల మీద కూర్చున్న పెద్ద ప్రోటీను కట్టడమిది. మధ్యలో అల్లోఫైకోసయనిన్‌తో చేసిన కేంద్రం, దాని నుండి బయటికి విచ్చుకున్న కడ్డీలు ఉంటాయి. కడ్డీల మొదట్లో ఫైకోసయనిన్, చివరల్లో ఫైకోఎరిత్రిన్ అమరి ఉంటాయి. చివర పట్టుకున్న నీలి లేక ఆకుపచ్చ కాంతి శక్తి, మెట్లు దిగినట్లు, క్రమంగా ఎరుపువైపు వర్ణకాలకు జారి కేంద్రం ద్వారా పత్రహరితాన్ని చేరుతుంది. ఈ ప్రయాణంలో నష్టమయ్యే శక్తి అత్యల్పం.

ప్రోటీనుకు రంగునిచ్చేవి దానికి అతుక్కొని ఉండే బిలిన్ అణువులు. సముద్రపు సైనెకోకాకస్‌లో ఇవి ముఖ్యంగా మూడు. ఫైకోసయనోబిలిన్ సుమారు 620 నానోమీటర్ల ఎరుపు-నారింజ కాంతిని, ఫైకోఎరిత్రోబిలిన్ సుమారు 545 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని, ఫైకోయూరోబిలిన్ సుమారు 495 నానోమీటర్ల నీలి కాంతిని పీల్చుకుంటాయి. విశేషమేమిటంటే ఈ మూడింటిలోను ఉండే పరమాణువులు అవే, వాటి సంఖ్యలు కూడా అవే. ద్విబంధాలు ఎక్కడున్నాయన్నదే తేడా. వరుసగా కలిసి ఉన్న ద్విబంధాల గొలుసు పొడవైతే అణువు ఎరుపువైపు కాంతిని, పొట్టిదైతే నీలంవైపు కాంతిని పట్టుకుంటుంది. అదే ఇటుకలతో అటు ఇటు జరిపి వేరొక కిటికీ కట్టినట్లు.

కడ్డీల నిర్మాణాన్ని బట్టి సైనెకోకాకస్‌ను మూడు వర్ణక రకాలుగా విభజించారు. మొదటి రకంలో ఫైకోసయనిన్ మాత్రమే ఉంటుంది. ఇవి నీలి-ఆకుపచ్చగా ఉండి, బురద తీరాలలో పెరుగుతాయి. రెండవ రకంలో దానికి తోడు ఒక ఫైకోఎరిత్రిన్, మూడవ రకంలో రెండు ఫైకోఎరిత్రిన్‌లు ఉంటాయి. నడిసముద్రంలో మూడవ రకానిదే రాజ్యం. అందులో మళ్ళీ ఆకుపచ్చ కాంతిలో ఆరితేరినవి, నీలి కాంతిలో ఆరితేరినవి అని తేడాలున్నాయి.

మూడవ రకంలోనే మరొక తెగ ఉన్నది. ఇది కాంతిని బట్టి తన రంగును మార్చుకుంటుంది. దీనిని నాలుగవ తరహా వర్ణానుకూలనం అంటారు. మంచినీటి సయనోబాక్టీరియాలు కొన్ని రంగు మార్చుకోవాలంటే కడ్డీలలోని ప్రోటీన్లనే మార్చవలసి ఉంటుంది. సముద్రపు సైనెకోకాకస్ అంత ఖర్చు పెట్టదు. ప్రోటీన్లు అవే ఉంటాయి. నీలికాంతిలో పెరిగేటప్పుడు వాటికి అతికించే ఆకుపచ్చ-గ్రాహక బిలిన్ కొన్ని స్థానాలలో నీలి-గ్రాహక బిలిన్‌గా మారుతుంది. ఇందుకు తోడ్పడే ఎంపీఈజెడ్ అనే ఎంజైమును 2012లో వర్ణించారు. ఇది బిలిన్‌ను ప్రోటీనుకు అతికించటం, ద్విబంధాన్ని జరపటం అనే రెండు పనులనూ ఒక్కటే చేస్తుంది. కాంతి తిరిగి ఆకుపచ్చగా మారితే కొద్దిరోజులలో కణాలు కూడా పూర్వస్థితికి వస్తాయి.

ఈ రంగులు మార్చే తెగ ప్రయోగశాలలోని వింత మాత్రమేనని చాలాకాలం అనుకున్నారు. తారా అనే పరిశోధక నౌక ప్రపంచ సముద్రాల నుండి సేకరించిన నీటి నమూనాలలోని జన్యువులను విశ్లేషించి 2018లో ప్రచురించిన ఫలితం ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. ఆ నమూనాలలో అన్ని వర్ణక రకాలకంటే ఎక్కువగా ఉన్నది రంగులు మార్చే రకమే. లోతైన పొరలలోను, ధ్రువాలవైపు చల్లని అక్షాంశాలలోను దాని ఆధిక్యం కనిపించింది. భూమధ్యరేఖ ప్రాంతపు వెచ్చని ఆకుపచ్చ నీళ్ళలో ఆకుపచ్చ నిపుణులు, పోషకాలు లేని నిర్మల జలాలలో నీలి నిపుణులు ఎక్కువగా ఉన్నారు. వేళ్ళూనటానికి వీలులేక అలలతో పైకీ కిందికీ తిరిగే జీవికి ఒకే రంగును నమ్ముకోవటంకంటే రెండు తెలిసి ఉండటం మేలని ఊహించవచ్చు.

ప్రోక్లోరోకాకస్

ప్రోక్లోరోకాకస్ కణం వ్యాసం 0.5 నుండి 0.7 మైక్రోమీటర్లు. వెచ్చని సముద్రాలలో, ఉత్తర దక్షిణాలుగా సుమారు 40 డిగ్రీల అక్షాంశం వరకు, ఉపరితలం నుండి దాదాపు 200 మీటర్ల లోతు దాకా వ్యాపించి ఉంటుంది. ఒక మిల్లీలీటరు సముద్రపు నీటిలో లక్ష కణాలు ఉండటం సాధారణం.

ఇది ఫైకోబిలిసోమ్‌లను పూర్తిగా వదిలివేసింది. ఆ కట్టడాలకు విపరీతంగా నత్రజని కావాలి. కొన్ని సయనోబాక్టీరియాలలో కరిగే ప్రోటీన్లలో సగం దాకా వాటికే పోతుంది. ప్రోక్లోరోకాకస్ నివసించే నీళ్ళలో నత్రజని దాదాపు శూన్యం. అయినా పూర్వీకుల ఆనవాలు మిగిలే ఉన్నది: సార్గాసో సముద్రంలో 120 మీటర్ల లోతునుండి సేకరించిన ఎస్ఎస్120 అనే తెగలో ఫైకోఎరిత్రిన్ జన్యువులు ఇంకా ఉన్నట్లు 1996లో కనుగొన్నారు.

ఫైకోబిలిసోమ్‌ల స్థానంలో ఇది వాడేది డైవినైల్ పత్రహరితం-ఎ, డైవినైల్ పత్రహరితం-బి. మామూలు పత్రహరితంలో ఒకచోట ఉండే ఇథైల్ సమూహం బదులు వీటిలో వినైల్ సమూహం ఉంటుంది. తక్కిన జీవులలో వినైల్‌ను ఇథైల్‌గా మార్చే ఎంజైము ఉంటుంది. ప్రోక్లోరోకాకస్ ఆ జన్యువును పోగొట్టుకున్నది. అంటే ఈ కొత్త వర్ణకం ఏదో సంపాదించుకున్నందువలన కాక, ఉన్నదానిని వదులుకున్నందువలన వచ్చినది. ఆ చిన్న తేడాతో నీలికాంతిని పీల్చే శిఖరం 8 నుండి 10 నానోమీటర్లు పొడవైన తరంగాలవైపు జరిగి, లోతుకు చేరే నీలికాంతికి సరిపోయింది. డైవినైల్ పత్రహరితం-బి శిఖరం సుమారు 480 నానోమీటర్ల వద్ద ఉండటం వలన లోతున ఇంకా ఉపయోగకరం. లోతున బతికే తెగలలో ఎ కంటే బి పాలు ఎక్కువగా ఉండటానికి కారణమిదే.

ఎండను తట్టుకొనే తెగలు, మందకాంతిలో బతికే తెగలు వేరువేరని 1998లో రుజువైంది. 2003లో వెలువడిన జన్యుక్రమాలు ఈ తేడాను అంకెలలో చూపాయి. ఉపరితల తెగ మెడ్4 జన్యుపదార్థం 16.6 లక్షల జతల క్షారాలు మాత్రమే. పత్రహరితాన్ని పట్టి ఉంచే పీసీబీ అనే యాంటెన్నా ప్రోటీనుకు మెడ్4లో ఒకే జన్యువు ఉండగా, లోతునుండి వచ్చిన ఎస్ఎస్120లో ఎనిమిది ఉన్నాయి. ఎస్ఎస్120లో 18 యాంటెన్నా ప్రోటీన్లు ఒకటవ కాంతివ్యవస్థ చుట్టూ వలయంగా చేరుతాయి. ఒక్కొక్క ఒకటవ కాంతివ్యవస్థలో 12 ఇనుము పరమాణువులు ఉంటాయి కాబట్టి, కొత్త కాంతివ్యవస్థలను కట్టటంకంటే ఉన్నదాని చుట్టూ ఇనుము అక్కరలేని వలయాన్ని పెంచటం పొదుపైన పని.

2013లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచ సముద్రాలలో ప్రోక్లోరోకాకస్ కణాలు 29 పక్కన 26 సున్నాలు పెట్టినన్ని, సైనెకోకాకస్ కణాలు 7 పక్కన 26 సున్నాలు పెట్టినన్ని ఉన్నాయి. సముద్రపు నికర ప్రాథమిక ఉత్పత్తిలో మొదటి దాని వాటా 8.5 శాతం, రెండవ దాని వాటా 16.7 శాతం. తక్కువ సంఖ్యలో ఉన్న సైనెకోకాకస్ ఎక్కువ పని చేయటానికి ముఖ్యకారణం దాని కణం పెద్దదై ఉండటం.

ఇతర వర్ణకాలు

అకారియోక్లోరిస్ మెరీనా అనే సయనోబాక్టీరియాలో ప్రధాన వర్ణకం పత్రహరితం-డి. పలావు దీవుల వద్ద ఒక సముద్రజీవి శరీరం నుండి దీనిని వేరుచేసి, 1996లో వర్ణించారు. ఇది 710 నానోమీటర్ల దరిదాపులలో, కంటికి దాదాపు కనిపించని కాంతితో బతుకుతుంది. తన పైనున్న జీవులు కనిపించే కాంతినంతా వాడుకోగా జారిపోయేది అదే. పత్రహరితం-డి ఎర్రనాచులదని 1943 నుండి భావించేవారు. ఆ నాచుల మీద అతుక్కొని పెరిగే అకారియోక్లోరిస్ దాని అసలు యజమాని అని 2004లో తెలిసింది.

ఆక్సిజన్ విడుదల చేయకుండానే కాంతిని వాడుకొనే బాక్టీరియాలు కూడా సముద్రంలో విస్తారంగా ఉన్నాయి. జపాను శాస్త్రవేత్తలు 1979లో కనుగొన్న ఒక వర్గంలో బాక్టీరియోక్లోరోఫిల్-ఎ ఉంటుంది. ఈ వర్ణకానికి 800 నానోమీటర్లు దాటిన పరారుణ కాంతి ప్రీతికరమైనా, ఆ కాంతిని నీరు పైనే మింగేస్తుంది. అందువలన ఇవి వర్ణకానికున్న నీలి, పసుపు శోషణ శిఖరాలను, తోడుగా కెరోటినాయిడ్లను వాడుకుంటాయి. ఇవి కర్బనాన్ని ప్రధానంగా కరిగిన సేంద్రియ పదార్థం నుండే తీసుకుంటాయి. కాంతి వీటికి చేదోడు మాత్రమే.

నల్లసముద్రంలో సుమారు 100 మీటర్ల లోతున, ఆక్సిజన్ పోయి హైడ్రోజన్ సల్ఫైడ్ మొదలయ్యే చోట, ఆకుపచ్చ గంధక బాక్టీరియాలు ఉన్నాయి. పేరులో ఆకుపచ్చ ఉన్నా ఇవి గోధుమరంగువి. బాక్టీరియోక్లోరోఫిల్-ఇ, ఐసోరెనియరటీన్ అనే కెరోటినాయిడ్ వీటి వర్ణకాలు. క్లోరోసోమ్ అనే సంచిలో వర్ణక అణువులు ప్రోటీను ఆధారం లేకుండా తమంతట తామే పేర్చుకుంటాయి. అక్కడికి చేరే వెలుతురు ఎంత తక్కువంటే, కణం ఒకసారి విభజన చెందటానికి సంవత్సరాలు పట్టవచ్చునని లెక్కించారు. 2005లో పసిఫిక్ మహాసముద్రంలో దాదాపు 2,400 మీటర్ల లోతున, సూర్యకిరణం ఎన్నడూ చేరని వేడినీటి బుగ్గ వద్ద నుండి ఇదే వర్గపు బాక్టీరియాను వేరుచేశారు. బుగ్గ వేడికి వెలువడే అతి మందమైన వెలుగును ఇది వాడుకుంటుందని పరిశోధకుల భావన.

ఐసోరెనియరటీన్ అవశేషాలు శిలలలో కోట్ల సంవత్సరాలు నిలిచి ఉంటాయి. ఉత్తర ఆస్ట్రేలియాలో 164 కోట్ల సంవత్సరాల నాటి శిలలలోను, 25 కోట్ల సంవత్సరాల క్రితం పర్మియన్ యుగాంతంలో జరిగిన మహావినాశనం నాటి శిలలలోను ఇవి దొరికాయి. ఆనాటి సముద్రంలో వెలుతురు అందే పొరదాకా విషవాయువు వ్యాపించి ఉన్నదనటానికి ఇది సాక్ష్యం.

2000లో కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతపు నీటినుండి ప్రోటియోరొడాప్సిన్ అనే మరొక పద్ధతి వెలుగులోకి వచ్చింది. ఇందులో పత్రహరితమే లేదు. మన కంటిలో ఉండే రెటినాల్ అణువే ఇక్కడ ఒక ప్రోటీనులో కూర్చొని, కాంతి పడినప్పుడు ప్రోటాన్లను కణం బయటికి తోడుతుంది. దీనిని కిరణజన్య సంయోగక్రియ అనకూడదని కొందరి వాదన. కర్బన స్థాపన జరగదు కాబట్టి ఆ వాదనలో బలమున్నది. తీరజలాలలోని రకం సుమారు 525 నానోమీటర్ల ఆకుపచ్చను, హవాయి వద్ద లోతునుండి తీసిన రకం 490 నానోమీటర్ల నీలాన్ని పట్టుకుంటాయి. ప్రోటీనులో 105వ స్థానంలో లూసిన్ ఉంటే ఆకుపచ్చ, గ్లుటమిన్ ఉంటే నీలం.

మత్స్యకారులు, ఉపగ్రహాలు, వేడెక్కుతున్న సముద్రం

హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం మత్స్యకారులకు చేపలు దొరికే ప్రాంతాల సమాచారాన్ని అందజేస్తుంది. ఉపగ్రహాలు కొలిచే సముద్రపు రంగు, అనగా పత్రహరితం పరిమాణం, ఉపరితల ఉష్ణోగ్రత దీనికి ఆధారాలు. అయితే పత్రహరితం మొత్తం తెలిసినంత మాత్రాన అది డయాటమ్‌లదో, చిన్న బాక్టీరియాలదో తెలియదు. ఆహారపు గొలుసులో ఈ తేడా పెద్దది: డయాటమ్ నుండి చేపకు మెట్లు తక్కువ, ప్రోక్లోరోకాకస్ నుండి చేపకు మెట్లు ఎక్కువ; ప్రతి మెట్టు దగ్గరా శక్తి నష్టమవుతుంది. 2024 ఫిబ్రవరిలో నాసా ప్రయోగించిన పేస్ ఉపగ్రహం సముద్రపు రంగును చాలా సన్నని పట్టీలుగా విడదీసి చూడగలదు. ఫైకోఎరిత్రిన్ వేసే ముద్రను బట్టి సైనెకోకాకస్‌ను ఇతర ప్లవకాలనుండి వేరుచేసి చూపటం దాని తొలి ఫలితాలలో ఒకటి.

సముద్రం వేడెక్కితే ఈ బాక్టీరియాలు ఏమవుతాయన్న విషయంలో అభిప్రాయభేదం ఉన్నది. పైన చెప్పిన 2013 అధ్యయనం ఈ శతాబ్దాంతానికి ప్రోక్లోరోకాకస్ సంఖ్య 29 శాతం, సైనెకోకాకస్ సంఖ్య 14 శాతం పెరుగుతాయని అంచనా వేసింది. 2025లో ప్రచురితమైన మరొక అధ్యయనం, సముద్రంలోనే ఓడలమీద కొలిచిన లెక్కలతో, ప్రోక్లోరోకాకస్ విభజన వేగం సుమారు 28 డిగ్రీల సెల్సియస్ వరకు పెరిగి ఆపైన వేగంగా పడిపోతుందని చూపింది. పొదుపుకోసం జన్యువులను వదిలివేసిన జీవికి వేడిని తట్టుకొనే సాధనాలు కూడా తక్కువేనని ఆ పరిశోధకుల అభిప్రాయం. బంగాళాఖాతపు ఉపరితలం సంవత్సరంలో చాలాకాలం 28 డిగ్రీలకు మించి వేడిగా ఉంటుంది. ప్రోక్లోరోకాకస్ ఖాళీ చేసిన చోటును సైనెకోకాకస్ కొంతవరకు నింపవచ్చు. కాని దాని ఫైకోబిలిసోమ్‌లకు కావలసిన నత్రజని ఆ నీళ్ళలో దొరకాలి.